పోయినసారి తీసుకెళ్లిన రక్తం ఏమైంది సారూ?

పోషకాహారం, జీవక్రియ, దీర్ఘకాలిక జబ్బుల మీద పరిశోధన చేస్తున్న మన విశ్వవిద్యాలయాల ఆచార్యులకు, పీహెచ్‌డీ విద్యార్థులకు

అయ్యలారా, అమ్మలారా,

నేను నల్లగొండ వైపు ఒక సర్కారు దవాఖానలో ల్యాబ్ టెక్నీషియన్‌ని. 27 ఏళ్లుగా ఇదే పని. పొద్దున ఏడింటికి పరగడుపు రక్తాలు, తొమ్మిదిన్నర దాటాక తిన్నంక రక్తాలు, మధ్యలో తెమడ పరీక్షలు, మలేరియా స్లైడ్లు. మీ వ్యాసాల్లో నా పేరు ఉండదు, ఉండాలన్న కోరికా లేదు. కాకపోతే మీ పట్టికల్లో కనిపించే అంకెల్లో కొన్ని నాలాంటి వాళ్ల సూది దగ్గర మొదలైనవే. ఆ చనువుతో రాస్తున్నాను.

రెండేళ్ల కింద మా ఊరికి ఒక బృందం వచ్చింది. ఎక్కణ్నుంచో చెప్పను. షుగర్, బీపీ, తిండి మీద సర్వే అన్నారు. ఇంటింటికీ తిరిగారు, అంగన్‌వాడీ కేంద్రంలో రక్తం తీశారు. ఊరివాణ్ని, పైగా సూది పట్టేవాణ్ని కాబట్టి ఆ రెండు రోజులు సెలవు పెట్టి వాళ్ల వెంటే ఉన్నాను. పిల్లలు మంచివాళ్లు. ఎండలో తిరిగారు, విసుక్కోలేదు. తప్పు వాళ్లది కాదు, వాళ్ల చేతికిచ్చిన కాగితాలది.

మా పెద్దమ్మ ముందు కూర్చున్న అమ్మాయి ట్యాబ్ తెరిచి అడిగింది: "రోజుకు ఎన్ని కప్పుల అన్నం తింటారమ్మా?"

"కప్పంటే ఏంది బిడ్డా? చాయ కప్పా?"

అమ్మాయి సంచిలోంచి ఒక స్టీలు కప్పు తీసి చూపించింది. పెద్దమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "గిండ్ల మేం పెరుగు తోడేస్తం" అంది. ఇద్దరూ నవ్వుకున్నారు. చివరికి పూటకు రెండు కప్పులని రాసుకున్నారు. పెద్దమ్మ తలెలో అన్నం ఎంతుంటుందో నాకు తెలుసు. ఆమె అబద్ధం చెప్పలేదు. ఆమె లెక్కలో అన్నమంటే కూరతో కలుపుకున్న మొదటి వడ్డన. ఆ తర్వాత పెరుగులోకి వేసుకున్నది అన్నం కిందికి రాదు. అది "ఇంత పెరుగు తిన్న" కిందికి వస్తుంది. మీ ట్యాబ్‌లో పెరుగు ఒక కప్పని పడింది. దాని వెంట పోయిన రెండు గంటెల అన్నం ఎక్కడా పడలేదు.

నూనె సంగతీ అంతే. ఆ ఇంట్లో నెలకు ఐదు ప్యాకెట్లు వాడతారు, ఉండేది ఆరుగురు. ప్యాకెట్లను ఆరుతో భాగిస్తే ఒక అంకె వస్తుంది. కానీ పెద్దమ్మ కొడుకు పగలంతా మండల కేంద్రంలో ఆటో నడుపుతాడు, మిర్చిబజ్జీ తిననిదే సాయంత్రం కాదు. కోడలు అందరూ తిన్నాక గిన్నె అడుగున మిగిలింది వేసుకుంటుంది. ఒకే పొయ్యి మీద వండినంత మాత్రాన ఒకే తిండి తిన్నట్టు కాదు. "నిన్న ఏం తిన్నారు?" అని అడిగిన రోజుకు ముందు రోజు ఊళ్లో దావత్. ఆ వీధిలో పదిళ్లవాళ్లు నిన్న మటన్ తిన్నామనే చెప్పారు. అదే మా ఊరి వాడుక తిండి అని ఎవరైనా రాస్తే నేను ఆశ్చర్యపోను.

అసలు తమాషా మరునాడు పొద్దున జరిగింది. సమ్మతి పత్రంలో "ఉపవాస స్థితిలో రక్త నమూనా ఇవ్వవలెను" అని ఉంది. ఆంగ్లం పక్కన పెట్టుకుని మాటకు మాట మార్చినట్టున్నారు. మా పెద్దమ్మకు ఉపవాసం కొత్త కాదు. ఏకాదశికి ఉంటుంది, శివరాత్రికి ఉంటుంది. ఉపవాసమంటే అన్నం తినొద్దు, పాలు, పండు తీసుకోవచ్చు. ఆ లెక్కనే పొద్దున్నే గ్లాసెడు పాలు తాగి, ఒక అరటిపండు తిని, తలస్నానం కూడా చేసి వచ్చి కుర్చీలో కూర్చుంది. "ఏమన్నా తిన్నారా?" అని అడిగితే "లేదు బిడ్డా, ఉపాసమున్న" అంది. రాసుకున్నారు. నేను వరండాలో మరొకరి చెయ్యి పట్టుకుని నరం వెతుకుతున్నాను. ఈ సంగతి నాకు సాయంత్రం గానీ తెలియలేదు. "పరగడుపున" అన్న ఒక్క మాట ఉంటే సరిపోయేది. ఆ మాట తెలియని మనిషి మా జిల్లాలో లేడు.

ఇక ట్యూబుల సంగతి. గ్లూకోజు చూడాల్సిన రక్తానికి బూడిదరంగు మూత ట్యూబు వాడతాం, అందులో చక్కెర తరిగిపోకుండా అడ్డుకునే ఫ్లోరైడ్ ఉంటుంది. ఆ రోజు అవి అయిపోయాయని మిగతావాళ్లకు ఎర్రమూత ట్యూబుల్లోనే తీసి, ఐసు పెట్టెలో పెట్టుకుని పట్నం తీసుకెళ్లారు. ఐసు ఎండకు ఎంతసేపు ఆగుతుంది? ఒంట్లోంచి బయటికొచ్చినా రక్తకణాలు బతికే ఉంటాయి, చక్కెర తింటూనే ఉంటాయి. మామూలు వేడిలో, కణాలను వేరుచేయకుండా ఉంచితే గంటకు 5 నుంచి 7 శాతం గ్లూకోజు తగ్గుతుంది. ఆరున్నరకు 130 ఉన్న మనిషిది పదిన్నరకు ట్యూబును మెషీన్లో తిప్పి చూస్తే 106 చుట్టూ రావచ్చు. 126 దాటితే షుగరు అంటారు కదా, ఆ మనిషి మీ కాగితం మీద షుగరు లేనివాడైపోయాడు. ఫ్లోరైడ్ ట్యూబైనా మొదటి గంట, గంటన్నర ఈ తగ్గుదలను పూర్తిగా ఆపలేదు. పల్లెల్లో షుగరు పట్నాల కంటే తక్కువ అని చదివినప్పుడల్లా నాకు ముందు ఆ ఐసు పెట్టె గుర్తుకొస్తుంది. పల్లెల్లో నిజంగానే తక్కువ ఉందేమో, కాదనను. కానీ ఎంత తక్కువ అన్నది ట్యూబు ఎన్ని గంటలు ప్రయాణం చేసిందన్న దానిమీద కూడా ఉంటుంది. ఆ గంటలు మీ వ్యాసంలో రాయండి.

"అందుకే మూడు నెలల షుగరు చూస్తున్నాం, దానికి పరగడుపూ అక్కర్లేదు" అంటారు. హెచ్‌బీఏ1సీ మంచి పరీక్షే. అది ఎర్రకణానికి అంటుకున్న చక్కెరను కొలుస్తుంది, అంటే కణం బాగుంటేనే అంకె బాగుంటుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడతలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. ఇనుము తక్కువైన రక్తహీనతలో అసలు చక్కెర అంతే ఉన్నా ఈ అంకె కొంత పైకి జరుగుతుంది. ఇనుము మాత్రలు మొదలుపెట్టి కొత్త కణాలు పుట్టడం మొదలయ్యాక కిందికి దిగుతుంది. ఏజెన్సీ గూడేల్లో ఎర్రకణాలు కొడవలిలా వంగిపోయే సికిల్ సెల్ జబ్బు ఉన్నచోట దీని కథే వేరు. మరి హిమోగ్లోబిన్ చూడకుండా ఏ1సీ ఒక్కటే చూసి ఊరి ఆడవాళ్లను ప్రీడయాబెటిస్, అంటే షుగరుకు ముందు దశ, గంపలో వేస్తే? రెండూ ఒకే ఊదామూత ట్యూబులో చూడొచ్చు. అదనంగా సూది కూడా గుచ్చక్కర్లేదు.

ఇవి చిన్న సంగతులని మీకు అనిపించొచ్చు. మేం డీఎంఎల్‌టీ, అంటే ల్యాబ్ టెక్నీషియన్ డిప్లొమా, చదివేటప్పుడు ఫాస్ఫరస్ పరీక్షకు ఫిస్కే-సుబ్బారావు పద్ధతి నేర్పారు. 1925 నాటిది. ఆ సుబ్బారావు భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావే అని నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. ట్యూబులో రంగు ఎంత ముదిరిందో చూసి ఫాస్ఫరస్‌ను కొలవడం, అంతే ఆ పద్ధతి. ఆ కొలత కచ్చితంగా కుదిరాకే కండరం శక్తిని దాచుకునే ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థం ఉందని బయటపడింది. ఒంట్లో శక్తి ఎలా పుట్టి ఎలా ఖర్చవుతుందో చెప్పే చదువులో అదొక పెద్ద మెట్టు.

మా జిల్లాకు పరిశోధకులు కొత్త కాదు. ఫ్లోరైడ్ నీళ్ల వల్ల మోకాళ్లు లోపలికి వంగిపోయిన పిల్లల గురించి హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు 1973లోనే లాన్సెట్ వైద్య పత్రికలో రాశారు. నీళ్లతో పాటు వాళ్లు తినే తిండిని, జొన్నను కూడా లెక్కలోకి తీసుకుని ఆలోచించారు. అదే కాలంలో నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరీ పటిక, సున్నం కలిపి నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతి కనిపెట్టింది. దానికి నల్లగొండ పద్ధతి అనే పేరు. అది అన్ని ఊళ్లకూ చేరిందా, చేరినచోట నిలిచిందా అంటే అదో పెద్ద కథ. కానీ బకెట్లోకి దిగే రూపంలో ఒక ఫలితం ఊరికి తిరిగొచ్చింది. ఊరు పేరుతో సహా.

జొన్న అన్నాను కదా, దాని వెనక మరో సంగతుంది. జొన్న మీదే బతికిన దక్కన్ పేదల్లో పెల్లాగ్రా ఎందుకొస్తోందని సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకంఠయ్య హైదరాబాద్‌లో వెతికారు. మెడచుట్టూ, చేతుల మీద ఎండ తగిలినచోటల్లా చర్మం నల్లబడి పొలుసులు లేచే జబ్బు అది. నియాసిన్ అనే విటమిన్ లోపం. జొన్నలో లూసిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువని, అది శరీరంలో నియాసిన్ తయారీకి అడ్డుపడుతుందని 1960లో రాశారు. ఆ వాదన మీద తర్వాత ఎన్నో తర్కాలు నడిచాయి. ఇప్పుడు అదే హైదరాబాద్ నుంచి జొన్న, సజ్జ, కొర్రలు షుగరుకు మంచివని వ్యాసాలు వస్తున్నాయి. మెట్టపంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు ఇతర సంస్థలతో కలిసి 2021లో 65 అధ్యయనాలను కలిపి చూసి, చిరుధాన్యాలు తింటే షుగరున్నవాళ్లలో పరగడుపు గ్లూకోజు 12 శాతం, తిన్నాక చూసే గ్లూకోజు 15 శాతం తగ్గిందన్నారు. రెండింటికీ పొత్తు లేకపోలేదు. జొన్న తప్ప మరేదీ దొరకని మనిషి వేరు, పప్పూ పాలూ గుడ్డూ ఉండి జొన్నరొట్టె తినే మనిషి వేరు. మా తాత గటక తిన్నది షుగరు రావద్దని కాదు, వరి కొనలేక. ఇప్పుడు మా ఊరి అంగట్లో జొన్నపిండి సన్నబియ్యం కంటే ప్రియం. గింజ మారలేదు, దాని పక్కన తలెలో ఉన్నది మారింది. మీరు గింజను ఒక్కదాన్నీ పట్టుకెళ్లి పరీక్షిస్తే ఇది కనపడదు.

బియ్యం విషయంలో ఇదే పొరపాటు దుకాణాల దాకా వచ్చేసింది. తెలంగాణ సోనా అనే వరి రకం గ్లైసీమిక్ ఇండెక్స్, అంటే తిన్నాక రక్తంలో చక్కెర ఎంత పెరుగుతుందో చెప్పే అంకె, 51 చుట్టూ ఉందని పరీక్షల్లో తేలింది. వెంటనే బస్తాల మీద "షుగర్ ఫ్రీ రైస్" అని అచ్చేశారు. ఆ అంకె ఎలా వస్తుందో కొనేవాళ్లకు ఎవరూ చెప్పలేదు. 50 గ్రాముల పిండిపదార్థం వచ్చేంత అన్నం మాత్రమే కొద్దిమందికి పెట్టి, రెండు గంటలపాటు రక్తం తీసి, అంతే గ్లూకోజు తాగినప్పటి అంకెతో పోల్చి చెప్పే లెక్క అది. 55 లోపుంటే తక్కువ అంటారు. మా పెద్దమ్మ రాత్రి తలెలో ఉండేది దానికి మూడింతలు. అన్నం ఎంత తింటున్నామన్నది పక్కనపెడితే ఆ 51కి అర్థం లేదు. 21 దేశాల్లో జరిగిన ప్యూర్ అధ్యయనంలో రోజుకు 450 గ్రాములకు పైగా తెల్లన్నం తినేవాళ్లను, 150 గ్రాముల లోపు తినేవాళ్లను పోల్చారు. ఎక్కువ తినేవాళ్లకు షుగరు వచ్చే ముప్పు మన దక్షిణాసియాలో 61 శాతం ఎక్కువగా కనిపించింది. రకం మార్చి, రాశి అలాగే ఉంచమని ఆ బస్తా చెబుతోంది. షుగరున్న మనిషి ఆ బియ్యం కొనుక్కుని, "ఇది తినొచ్చట కదా సారూ" అని రెండో వడ్డనకు నా దగ్గర అనుమతి అడుగుతున్నాడు.

ఇంతకీ మీరు రావాల్సిన సమయం ఇప్పుడే. 2025 ఉగాదికి హుజూర్‌నగర్‌లో రేషన్ సన్నబియ్యం మొదలైంది. మనిషికి నెలకు 6 కిలోలు, అంటే రోజుకు 200 గ్రాములు. అంతకుముందు వచ్చే దొడ్డుబియ్యాన్ని సగం మంది అమ్ముకునేవాళ్లో, దోశెలకు నానబెట్టేవాళ్లో, కోళ్లకు వేసేవాళ్లో. ఇప్పుడు వచ్చింది వచ్చినట్టు వండుకుంటున్నారు. పేదింటికి అది గౌరవమే, నాకు వంక పెట్టే ఉద్దేశం లేదు. అయితే ఒక రాష్ట్రం మొత్తం కంచంలో ఒకేసారి ఇంత మార్పు రావడం మామూలు విషయం కాదు. బియ్యానికి పెట్టే డబ్బు మిగిలి కూరగాయలు, గుడ్లు కొంటున్నారా? లేక అన్నమే ఇంకో గంటె పెరిగిందా? ఇది అమెరికా నుంచి వచ్చి ఎవరూ చూడరు. మీరే చూడాలి. ముందున్న లెక్కలు చెరిగిపోకముందే చూడాలి.

ఆరోగ్యలక్ష్మి పథకం కూడా అలాంటిదే. 2015 జనవరి నుంచి గర్భిణులకు, బాలింతలకు అంగన్‌వాడీలో ఒకపూట పూర్తి భోజనం, గుడ్డు, పాలు పెడుతున్నారు. ఆ ఏడాది కడుపులో ఉన్న పిల్లలకు ఇప్పుడు పదేళ్లు దాటాయి. వాళ్ల ఎత్తు, నడుము, ఇన్సులిన్ ఎలా ఉన్నాయి? ఇలా అడగడం నా సొంత తెలివి కాదు. హైదరాబాద్ చుట్టుపక్కల 29 ఊళ్లలో జరిగిన పనే చెబుతున్నాను. 1987 నుంచి 1990 దాకా వాటిలో 15 ఊళ్లకు అంగన్‌వాడీ తిండి అందింది, 14 ఊళ్లకు ఇంకా అందలేదు. 2003 నుంచి 2005 మధ్య జాతీయ పోషకాహార సంస్థ, లండన్ హైజీన్ స్కూలు వాళ్లు మళ్లీ ఆ ఊళ్లకు వెళ్లారు. అప్పటికి 13 నుంచి 18 ఏళ్లున్న 1165 మందిని వెతికి పట్టుకుని కొలిచారు. తల్లి కడుపులోనూ పసితనంలోనూ ఆ తిండి అందిన పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎత్తు ఎక్కువ. వాళ్ల ఇన్సులిన్ మెరుగ్గా పనిచేస్తోంది, రక్తనాళాలు తక్కువ బిరుసుగా ఉన్నాయి. కొవ్వు మాత్రం పెరగలేదు. 2008లో బ్రిటిష్ వైద్య పత్రిక బీఎంజేలో వచ్చింది. అంగన్‌వాడీ ఉప్మాకు, పదిహేనేళ్ల తర్వాతి రక్తనాళానికి సంబంధం ఉందని మన ఊళ్లే చూపించాయి! మీ దగ్గర చదివే పిల్లల్లో ఎంతమందికి ఈ సంగతి తెలుసో గానీ, మా ఊరి అంగన్‌వాడీ టీచరుకు నేను చెప్పేదాకా తెలియదు. విని, "అయితే మేం పెట్టింది ఊకెనే పోలేదన్నట్టు" అంది.

ఆరోగ్యలక్ష్మి అన్ని ఊళ్లకూ ఒకేసారి వచ్చింది కాబట్టి పోల్చడానికి వేరే ఊళ్లు లేవంటారు. నిజమే, కష్టమే. కానీ ఒకే ఇంట్లో 2013లో పుట్టిన అక్క, 2016లో పుట్టిన చెల్లె ఉన్నారు. కేంద్రానికి రోజూ వెళ్లిన తల్లి ఉంది, చేనుపనికి పోయి వెళ్లలేకపోయిన తల్లి ఉంది. అంగన్‌వాడీల హాజరు రిజిస్టర్లు ఉన్నాయి, చెదలు పట్టకుండా ఎన్నాళ్లుంటాయో తెలియదు. లెక్కల పద్ధతులు మీకు నేను చెప్పాలా? మూడేళ్ల పీహెచ్‌డీలో ఇమడదన్నదే అసలు అడ్డంకి అయితే, ఒకరి తర్వాత ఒకరు ముగ్గురు విద్యార్థులు అందుకునే పనిగా పెట్టండి. పుణె పక్క ఆరు పల్లెల్లో 1993లో మొదలైన అధ్యయనాన్ని యాజ్ఞిక్ గారి బృందం ఆ పిల్లలు పెద్దవాళ్లయ్యేదాకా వదల్లేదు. సన్నగా పుట్టే మన పిల్లల్లో కండ తక్కువ, కొవ్వు మాత్రం తక్కువేం కాదు అన్న సంగతి అలా పట్టుకుని కూర్చుంటేనే తెలిసింది.

చివరగా, ఈ ఉత్తరం రాయించిన సంగతి.

మా ఊళ్లో రక్తం తీసిన ఎనిమిది నెలలకు పెద్దమ్మ కాలి వేలికి పుండుతో నా దగ్గరికొచ్చింది. చెప్పు కొరికిందనుకుని పసుపు పెట్టుకుంటూ ఉందట. మానలేదు. పరగడుపున, ఈసారి నిజమైన పరగడుపున, చూస్తే 240. ఆ బృందం పట్టుకెళ్లిన ట్యూబులో ఎంత వచ్చి ఉంటుంది? పాలూ అరటిపండూ పైకి లాగి ఉంటాయి, ఆలస్యం కిందికి లాగి ఉంటుంది. ఎంత గందరగోళమైనా ఏదో ఒక పెద్ద అంకె పడే ఉంటుందని నా అనుమానం. ఎక్కడో ఒక కంప్యూటర్లో, పేరు తీసేసి నంబరు వేసిన వరుసలో, ఆ సంగతి ఎనిమిది నెలలు కూర్చుంది. ఫోన్ నంబరు రాసుకున్నారు, ఆధార్ కూడా అడిగారు. ఒక్క ఫోన్ రాలేదు. పెద్దమ్మ వేలు తీసేయాల్సి వచ్చింది.

ఫలితాలు పాల్గొన్నవాళ్లకు, వాళ్ల ఊరికి అందాలని భారత వైద్య పరిశోధన మండలి 2017 నైతిక మార్గదర్శకాల్లోనే ఉంది. అవి నాకంటే మీకే బాగా తెలుసు. నేను అడిగేది చాలా తక్కువ. గీత దాటిన అంకె కనపడితే వారంలోగా ఆ మనిషికో, దగ్గరి దవాఖానకో ఫోన్ చేయండి. దానికయ్యే ఖర్చును ముందే ప్రాజెక్టు బడ్జెట్లో రాసుకోండి, ట్యూబుల ఖర్చు రాసుకున్నట్టే. పని అయ్యాక ఊరి సంగతి ఒక పేజీ తెలుగులో రాసి గ్రామసభలో చదివి వినిపించండి. రాసేముందు ఆ పేజీని మీ భాషా విభాగానికి కాకుండా ఆశా కార్యకర్తకు చూపించండి. ఆమె కొట్టేసిన మాటలు వాడొద్దు. తిండి ప్రశ్నలకు కప్పు పక్కనపెట్టి వాళ్ల తలె, వాళ్ల గంటె తెప్పించి, వండిన అన్నాన్నే తూకం వేయండి. ఒక చిన్న కాటా చాలు.

వచ్చే నెలలో ఇంకో బృందం వస్తుందని సర్పంచ్‌కు ఉత్తరం వచ్చింది. అది మీలో ఎవరిదో నాకు తెలియదు. ఊళ్లో ముందుగా ఒప్పించాల్సిన వాళ్లెవరని నన్నడిగితే మా పెద్దమ్మ పేరే చెప్తాను. ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తోంది, నోరు మాత్రం అలాగే ఉంది. రక్తం ఇవ్వనని అనలేదు. "ఇస్త. పోయినసారిది ఏమైందో ముందుగాల చెప్పుమను" అంది. ఆమెకు చెప్పే జవాబు ఒకటి సిద్ధం చేసుకుని రండి. పొద్దున ఏడింటికల్లా వస్తే నేనూ ఉంటాను. బూడిదరంగు మూత ట్యూబులు తక్కువైతే మా ల్యాబులో ఉన్నాయి.

ఇట్లు
మీ పట్టికల్లో కనపడని ఒక ల్యాబ్ టెక్నీషియన్
నల్లగొండ జిల్లా